ఒకే ఒక్క ప్రతి

కాశీబుగ్గలో రేషన్ డిపోకి రెండు షాపుల అవతల
నా ఫ్లెక్సీల కొట్టు.
పగలు పుట్టినరోజులు, పెద్దకార్యాలు,
పోయినవాళ్ల తెల్లజుట్టు నల్లగా చెయ్యడం.
రాత్రి, కరెంటు ఉంటే,
ఎవరూ అడగని రంగులు.

ఆ రోజు కోర్లమ్మ వచ్చింది
ఖాళీ బియ్యం సంచి చంకలో పెట్టుకుని.
"బావూ, నీ కంపూటర్లో
నాకో ఏలిముద్ర గీసీగలవేటి?"

నవ్వబోయి ఆగాను.
ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి అది.
ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా
జీడి ఊరుకోదు,
గీతల్ని ఒక్కొక్కటిగా తాగేసింది.
డిపోలో మిషను మూడుసార్లు కాదంది,
నాలుగోసారి డీలరే అన్నాడు.

స్కానరు మూత ఎత్తి బొటనవేలు పెట్టమన్నాను.
"సల్లగున్నాది" అంది.
తెర మీద పెద్దది చేశాను, ఇంకా పెద్దది,
గోడంత.
గీతల్లేవు.
మహేంద్రతనయ ఎండిపోయాక మిగిలే ఇసక మెరుపు,
ఒక మూల కాలిన గోధుమరంగు,
దాని అంచున వంకాయ ఛాయ,
నడిమధ్య అసలు రంగే కానిదేదో.
ఆ రాత్రి నేను కలిపిందేమీ లేదని చెప్పలేను.
కొంచెం నీలం కలిపాను.
ఒకచోట గీత ఉండేదేమో అనిపించి
గియ్యబోయి, చెరిపేశాను.

ఇలాంటి బొమ్మలమ్మే సంత ఒకటుంది,
గోడలుండవు, మేకులుండవు.
ఎవరైనా చూడొచ్చు, దాచుకోవచ్చు కూడా,
నాది అనే హక్కు మాత్రం ఒక్కరికే రాస్తారు,
ఎవరూ చెరపలేని చిట్టాలో.
ప్రతులెన్ని అంటే, ఒకటి.
పేరేంటి అంటే, 'సరిపోలలేదు'.
మిషను అన్న మాటే.

పదకొండు రోజులకి ఎవరో కొన్నారు.
పేరు లేదు,
అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి తోక.
ఒక్కటే అడిగాడు, లేదా అడిగింది:
ఇలాంటిది ఇంకోటి లేదని హామీయేనా?
లేదు అని టైపు చేశాను.
అప్పుడే వీధిలో
షిఫ్టు దిగిన ఆడవాళ్లు గుంపుగా పోతున్నారు,
చేతులు కొంగుల్లో దాచుకుని.

ఖర్చులు పోను మిగిలినదాంట్లో సగం
నోట్లుగానే ఇచ్చాను,
బ్యాంకూ వేలే అడుగుతుంది గనక.
నున్నటి వేళ్లకి నోటు అంటదు, జారుతుంది.
నాలుకతో తడి చేసుకుని
మళ్లీ మొదటి నుంచి.
"ఏ రకం కింద ఎల్లినాది? గుండా, బద్దా?"
"గుండే."
"ఏ గోడకి తగిలిస్తారు?"
"తగిలించరు. తమదని తెలుసు, అంతే."
కాసేపు ఊరుకుంది.
"డబ్బులిచ్చి ఇంట్లో ఎట్టుకోరా!
అయితే నాకోటి అచ్చేసీ."

కుదరదన్నాను. మాటిచ్చాను కదా.
నా మొహంలోకి చూడలేదు,
తన బొటనవేలు చూసుకుంది,
టికెట్టు ఉందో పడిపోయిందో చూసుకునే
బస్సులో మనిషిలా.

రోలు చివర ఎప్పుడూ కొంత మిగులుతుంది.
ఆరడుగుల ముక్క, వేస్టు కింద రాసుకున్నాను.
మిషను గీకుతూ గీకుతూ బయటికి తోసింది.
సిరా ఆరకముందే చుట్టేసుకుంది కోర్లమ్మ,
చేతికంటిన నీలం చూసి
"ఇది మండదు" అంటూ.

మొన్న అటెళ్తే చూశాను.
తిత్లీకి ఎగిరిపోయిన రేకు చోట కట్టుకుంది,
బొమ్మ లోపలికి,
తెల్లటి వీపు ఆకాశానికి.
తిరగేసి కట్టావేంటి పిన్నీ అంటే
"వానకెందుకురా బొమ్మ?
తొంగున్నప్పుడు నాను సూసుకుంతాను."

బియ్యం ఇస్తున్నారట ఇప్పుడు,
మనవడి ఫోనుకి వచ్చే నెంబరు చెబితే.
ఆరంకెలు. ప్రతి నెలా కొత్తవి.
ఒక్కసారికే చెల్లుతాయి.